కల్దీయుల బిడ్డకు చెంబెడు నీళ్లు

కల్దీయులంటే ఎలీసమ్మకు పెళ్లయిన కొత్తల్లోంచీ పడదు.

వాళ్లను ఆమె చూసింది లేదు. చూసినవాళ్లనూ ఎరగదు. అయినా ఆ పేరు చెవిన పడితే మొహం ముడుచుకునేది. బడి గడప తొక్కని ఎలీసమ్మ, పెళ్లయ్యాక పెనిమిటి సత్యరాజు పక్కన కూచుని, తాను వాక్యం అని పిలిచే బైబిలు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుంది. అలా తనంతట తానుగా చదివిన మొదటి పెద్ద దుఃఖం యెరూషలేము కాలిపోవడం. పట్టణాన్ని ముట్టడించినవాళ్లు కల్దీయులు. రాజు కళ్లముందే కొడుకుల్ని చంపి, తర్వాత ఆ కళ్లు ఊడబెరికినవాళ్లు కల్దీయులు. తల్లుల్ని పిల్లల్ని చెరో వరసలో నిలబెట్టి, సంకెళ్లు వేసి నడిపించుకుపోయినవాళ్లు వాళ్లే. మనుషులు విడిపోయే చోటికి వస్తే ఎలీసమ్మ వేలు ముందుకు సాగదు. ఎన్నేళ్లు చదివినా ఆ పేజీల దగ్గర ఆగుతూనే ఉంది.

సత్యరాజు గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. కూతురు షాలిని రాజాంలో టీచరు, ఆమెకొక చిన్న కూతురు. ఎలీసమ్మ వెనక పెంకుటింట్లో ఉంటూ, ముందున్న శ్లాబు వాటా అద్దెకిచ్చేది. అందులోకి ఇరాకు దేశం నుంచి ఒక జంట వచ్చి దిగింది. అతను విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతూ, ఫ్యాక్టరీ కొలిముల్లోంచి వచ్చే చిట్టెం మీద ఏదో పరిశోధన చేస్తున్నాడు. పేరు తోమా. భార్య వర్దా. ఇద్దరి మెడలోనూ చిన్న సిలువలు ఉన్నాయి. తోమా అన్న పేరు వినగానే ఎలీసమ్మకు ప్రాణం లేచొచ్చింది. ప్రభువు గాయాల్లో వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్న శిష్యుడి పేరు కదా.

"మీరు ఏ మిషన్ బాబూ?" అని అడిగింది.

తోమా ఏదో ఇంగ్లీషు మాట చెప్పాడు. అర్థంకాక, ఆదివారం గుడి అయ్యాక పాస్టరు శాంతికుమార్‌ని అడిగింది. ఆయన నవ్వాడు. "కల్దీయులమ్మా. మన వాక్యంలో ఉన్నారే, వాళ్లు."

ఆ మధ్యాహ్నం ఎలీసమ్మ అరుగుమీద కూచుని బియ్యం ఏరుతుంటే, పక్కనే కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావు భార్య బుజ్జమ్మ వచ్చి స్తంభానికి చేరబడింది.

"ఏటి ఒదినా, మొహం అలగెట్టేవు? కొత్తగా దిగినోల్లు మంచోల్లు కారేటి?"

"మంచోల్లే. కల్దీయులంట."

"అంటే ఏ కులమే?"

"కులం కాదు. యెరూషలేము కాల్సీసినోల్లు."

"ఎప్పుడు?"

"క్రీస్తు పుట్టకముందు."

బుజ్జమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "అయితే ఈ కుర్రోడికి తెలిసుండదులే," అంది.

ఎలీసమ్మకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. నవ్వితే కోపం పోతుందని భయం.

ఆ కోపం ఎలా పోయిందో ఆమెకే తెలీదు. వర్దా ఇంటిముందు తీగెమీద బట్టలు ఆరేస్తూ ఏదో పాడుకునేది. పొద్దున్నే చేత్తో నుదుటినీ గుండెనూ భుజాలనూ తాకి దండం పెట్టుకునేది. తెలుగు ఎలీసమ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి, ఎలీసమ్మ ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడేది. "మామ్మా, సోడి అంబలి నాకు బాగున్నాది" అంటుంటే వీధిలో ఆడవాళ్లు మళ్లీ అనిపించుకుని మురిసిపోయేవాళ్లు.

ఒకరోజు ఎలీసమ్మ వాక్యం వెనక ఉన్న పటం తెరిచి చూపించింది. వర్దా రెండు నదుల మధ్య వేలు పెట్టి, "నీనెవె. మా ఊరు ఇక్కడే. తెల్‌కేఫ్," అంది. కొంచెం పైకి జరిపి, "ఇది మా అమ్మ ఊరు. అల్‌కోష్. నహూము పెవక్త సమాధి మా అమ్మమ్మ ఇంటి ఎనకాల. మేం దాని సుట్టూ దాక్కునీవోల్లం," అంది.

నహూము ఎల్కోషువాడని ఎలీసమ్మ ఎన్నోసార్లు చదివింది. ఆ ఎల్కోషులో చిన్నపిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు. ప్రభువు మాట్లాడిన మాటలు కొన్ని వాక్యంలో ఆయన సొంత భాషలోనే ఉండిపోయాయి. చనిపోయిన పిల్లను లేపినప్పుడు అన్న మాట, సిలువ మీద కేక వేసిన మాట. అవి చదివి వినిపిస్తే వర్దా కళ్లు పెద్దవి చేసింది. "మా అమ్మ నన్ను పొద్దున్నే లేపడానికి ఇంచుమించు ఇలగే అంటాది మామ్మా," అంది. తర్వాత కళ్లు మూసుకుని పరలోక ప్రార్థన తమ భాషలో చెప్పింది. 'అవూన్ ద్‌వష్మయ్యా' అని మొదలైన ఆ ప్రార్థన అయ్యేదాకా ఎలీసమ్మ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. తోమా శిష్యుడు మన దేశానికి వచ్చే దారిలో తమ తాతముత్తాతలకు సువార్త చెప్పి వెళ్లాడని తమ పెద్దలు చెబుతారంది వర్దా. అప్పటినుంచి ఎందరు రాజులు మారినా, ఎన్నిసార్లు ఊళ్లు తగలబడినా, ఆ ప్రార్థన మాత్రం మానలేదట.

"మరి యెరూషలేము సంగతేటే?" అని అడిగేసింది ఎలీసమ్మ.

వర్దాకు విషయం అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని, "మా తాతలు సేసుంటే, నన్ను సెమించు మామ్మా," అంది. ఆ మాట వేళాకోళానికి అందో నిజంగా అందో తెలీలేదు. ఆ రోజునుంచి మాత్రం ఎలీసమ్మకు కల్దీయులు వేరు, వర్దా వేరు అని అనుకోవాల్సిన అవసరం లేకపోయింది.

గుడిలో మాత్రం వేరే అయింది. వర్దా, తోమా ఆమెతోపాటు ఆదివారాలు వచ్చి కూచునేవాళ్లు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, ద్రాక్షరసం చిన్న గ్లాసులు ఉన్న పళ్లెం వరసల మధ్య తిప్పుతారు. తిప్పేది డీకను బెన్‌హర్, ఎలీసమ్మ అన్న కొడుకు. అతను వర్దా ముందు ఆగి, నీ బాప్తిస్మం ఎప్పుడైందని మెల్లగా అడిగాడు. నెలల పిల్లగా ఉన్నప్పుడు అని ఆమె సంతోషంగా చెప్పింది. అతను ఇబ్బందిగా చూసి, పళ్లెం ఆమెను దాటించి పక్కవాళ్లకు అందించాడు.

అది నియమం. ఎలీసమ్మకు తెలిసిందే. తెలిసి తెలిసి, తన నమ్మకం తానే ఒప్పుకుని, పీకలోతు నీళ్లలో మునిగిలేస్తేనే బాప్తిస్మం. ఆమె పదహారేళ్ల వయసులో చంపావతి ఏట్లో మునిగింది. పసిపిల్లల నెత్తిన నీళ్లు చల్లడం ఆర్సీఎం వాళ్ల, అంటే కేథలిక్కుల ఆచారం, ఉత్త నీళ్లు. ఆమెను పెంచిన సంఘం అలాగే నేర్పింది, ఆమె అలాగే నమ్మింది.

ఆ నమ్మకం మీద ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. ఆమెకు షాలిని కంటే ముందొక ఆడపిల్ల పుట్టింది. మిషన్ ఆస్పత్రిలో ఒక పొద్దున పుట్టి, దీపాలు పెట్టేవేళకు పోయింది. ఒళ్లంతా నేరేడు పండు రంగుకు తిరిగింది. పేరైనా పెట్టలేదు. అప్పటి పాస్టరుగారు మంచం పక్కన కూచుని, పసిపిల్లలకు ఏ నీళ్లూ అక్కర్లేదమ్మా, వాళ్లు తిన్నగా ప్రభువు ఒళ్లోకి పోతారు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె లేచి నిలబడింది. ఆ తర్వాత ఎన్ని చావులు చూసినా, ఎంతమంది వెళ్లిపోయినా, ఆ మాట వదల్లేదు.

రెండువేల పద్నాలుగు వేసవిలో తోమా తల్లికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. అప్పటికి వర్దాకు మూడో నెల. ప్రయాణం అనుకుంటూండగానే రక్తం కనబడింది. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. తోమా ఒక్కడే వెళ్లాడు, తల్లిని చూసుకుని తొందరగా వచ్చేస్తానని. ఆటో ఎక్కే ముందు ఎలీసమ్మ పాదాలు తాకబోతే ఆమె వెనక్కి తగ్గింది. ఎవరైనా వెళ్తూ పాదాలు తాకితే ఆమెకు గుండె దడ.

ఆ తర్వాత అక్కడ దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మొసూలు పట్టణం నల్లజెండాల వాళ్ల చేతికి పోయింది. క్రైస్తవుల ఇళ్ల గోడలమీద ఎర్రరంగుతో ఒక అక్షరం రాసి, ఇళ్లు వదిలిపొమ్మన్నారు. యోనా ప్రవక్త సమాధిని పేల్చేశారు. ఆగస్టులో తెల్‌కేఫ్ ఊరు ఊరంతా కట్టుబట్టలతో ఖాళీ అయింది. తోమా తల్లిని ఎక్కించుకున్న కారు పెట్రోలు అయిపోయి ఆగిపోతే, ఆమెను వీపున మోసుకుని నడిచి అంకావా అనే ఊరు చేరి, అక్కడ గుడి ఆవరణలో చెట్టుకింద ఉన్నాడు. పాస్‌పోర్టు ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు ఎవరి చేతిలో ఉందో తెలీదు. అతను రావడానికి లేదు, ఈమె వెళ్లడానికి లేదు. వెళ్దామన్నా వెళ్లడానికి ఊరే లేదు.

వర్దా మంచమ్మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తూండేది. ఫోను గుండెలమీద పెట్టుకునేది. తలుపు తెరిచే ఉండేది. "ఈ గదికి తలుపున్నాది మామ్మా," అంది ఒకసారి. "ఎటెల్లడానికో తెలీదు."

ఎలీసమ్మ వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించకుండానే పొయ్యిముందు కూచుంది. యెరూషలేమువాళ్లను నడిపించుకుపోయిన దారి ఇప్పుడు ఎటునుంచి ఎటు తిరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. ఇన్నేళ్లూ ఎవరిమీద కోపం మోసిందో వాళ్లే ఇప్పుడు చంటిపిల్లల్ని చంకనేసుకుని రోడ్డుమీద పడ్డారు.

ఆ రోజుల్లోనే వర్దా మాట తీసుకుంది.

"బిడ్డ పుడితే విజీనారం ఆర్సీఎం గుడికి తీసుకెల్లాలి. బాప్తిస్మం ఇప్పించాలి."

"ముందు పుట్టనీ తల్లీ."

"పుట్టినాక గుడిదాకా ఆగనంత కస్టం వస్తే, నువ్వే పొయ్యాలి మామ్మా. తల్లి పొయ్యకూడదు, మా పెద్దోల్లు ఒప్పుకోరు. మూడుసార్లు నీల్లు. మూడు మాటలు."

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామాన అనే ఆ మాటలు తమ భాషలో నేర్పింది. బ్‌షిమ్మిద్ బాబా, ఉబ్రోనా, ఉరూహా ద్‌ఖుద్‌షా. ఎలీసమ్మ నోరు తిరగక రెండు మూడుసార్లు తప్పు చెబితే వర్దా చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి ఎలీసమ్మ సరేనంది. మంచాన ఉన్న మనిషికి ఏ మాట కావాలంటే ఆ మాట ఇస్తాం కదా, అలా ఇచ్చింది. ఆ అవసరం రాదని తన మనసుకు తానే చెప్పుకుంది.

అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

శనివారం సాయంత్రమే కరెంటు పోయింది. ఆదివారం తెల్లారేసరికి గాలి కొబ్బరిచెట్ల తలలు పట్టి నేలకేసి కొడుతోంది. రేకులు వీధిలో కాగితాల్లా ఎగురుతున్నాయి. ఫోన్లు మూగబోయాయి. ఎలీసమ్మ పెంకుటింటిమీద పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, వాక్యం, బియ్యం డబ్బా పట్టుకుని ముందు వాటాలోకి వచ్చేసింది. కాసేపటికి బుజ్జమ్మ తలమీద గోనెసంచి కప్పుకుని తలుపు బాదింది. కొట్టు పైకప్పు పోయింది. నగరేశ్వరరావు సరుకుకోసం రాజాం వెళ్లి అక్కడే చిక్కుబడిపోయాడు.

"మాయనకి దేవుడు బుద్దిచ్చినాడు, రాజాంలో ఉంచినాడు. ఇక్కడుంటే రేకు ఎనకాల పరిగెట్టీవోడు," అంటూ తడిచీర పిండుకుంది.

తలుపుకు లోపలినుంచి బెంచీ అడ్డం పెట్టారు. కిటికీ సందుల్లోంచి గాలి ఈలలు వేస్తోంది. గోడమీద క్యాలెండరు దానంతటదే పేజీలు తిప్పుకుంటోంది. ముగ్గురాడవాళ్లూ ఆ ఒక్క గదిలో, పగలే చీకటిపడ్డట్టున్న ఆ గదిలో, గాలి తగ్గే వేళకోసం చూస్తూ కూచున్నారు.

మధ్యాహ్నం వర్దా పక్కకి తిరిగి మూలిగింది. పక్క తడిసింది.

"నెలలు నిండలేదు గదే," అంది ఎలీసమ్మ.

"నిండకపోతే ఆగుతాదేటి," అని బుజ్జమ్మ కొంగు బిగించింది. నలుగురిని కన్న మనిషి. పుట్టింటి ఊళ్లో వదినలకూ మరదళ్లకూ పురుళ్లు పోసిన చోట దీపం పట్టుకున్న మనిషి. అంతకు మించి ఆమెకు ఏమీ తెలీదు, ఆ మాట ఆమే చెప్పింది. విజయనగరం దారి మీద చెట్లు పడి ఉన్నాయి. అంబులెన్సును పిలవడానికి ఫోను లేదు. తలుపు తీస్తే బెంచీతో సహా ఎగిరిపోతారు.

బిడ్డ తొందరగానే పుట్టాడు. మగపిల్లాడు. బుజ్జమ్మ రెండు చేతుల్లోకి తీసుకుంటే చేతులకి ఏమీ తగలనంత చిన్నగా ఉన్నాడు. ఏడవలేదు. బుజ్జమ్మ బొడ్డు కోసింది, నోరు తుడిచింది, వీపు రుద్దింది, అరికాళ్లమీద చిటికెలు వేసింది. పిల్లాడి ఒళ్లు నేరేడుపండు రంగుకు తిరుగుతోంది.

ఆ రంగు ఎలీసమ్మకు తెలుసు.

"మామ్మా," అంది వర్దా. ఆమె లేవలేకపోతోంది, పక్కంతా రక్తం. "నీల్లు."

"తాగుతావా తల్లీ?"

"నీల్లు పొయ్యి మామ్మా. నువ్వు సరే అన్నావు."

కిటికీ గట్టుమీద ఇత్తడి చెంబు ఉంది. ఎలీసమ్మ దాన్ని తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది.

పోయడం ఎంత పని. అయినా చెయ్యి కదల్లేదు. ఈ నీళ్లు ఉత్త నీళ్లయితే, చస్తున్న బిడ్డ తల్లి దగ్గర తాను నాటకం ఆడుతున్నట్టు. ఉత్త నీళ్లు కాకపోతే? ఈ పిల్లాడికి ఈ చెంబు అవసరమైతే, ఆ పొద్దున పుట్టిన తన పిల్లకు కూడా అవసరమయ్యే ఉండాలి. అప్పుడూ మంచం పక్కన చెంబు ఉంది. ఎవరూ పోయలేదు. పోయాలని తనకు తెలీదు. అంటే తన పిల్ల ఏ ఒళ్లోకి పోయినట్టు? ఇన్నేళ్లు కాళ్లకింద నేల అనుకుని నిలబడిన మాట ఆ గాలికి లేచిపోతున్నట్టు అనిపించింది.

"ఏటలా నిలబడిపోనావు?" అంది బుజ్జమ్మ, పిల్లాడి వీపు రుద్దడం ఆపకుండా. "నెత్తిమీద పొయ్యడమేనా? ఇలగియ్యి, నాను పోసెత్తాను. దీనికింత ఆలోసనేటి."

వర్దా కళ్లు మూసుకునే తలూపింది. "ఎవులైనా పొయ్యొచ్చు. మాటలు సెప్పాలి."

"ఆ మాటలేటో నువ్వు సెప్పు ఒదినా. ఎనకాల నానంటాను."

ఎలీసమ్మకు బయటపడే తలుపు తెరిచినట్టయింది. బుజ్జమ్మకు చంపావతి లేదు, సంఘం లేదు, నియమం లేదు, నేరేడుపండు రంగు బిడ్డ లేదు. ఆమె పోస్తే వర్దా కోరిక తీరుతుంది. ఎలీసమ్మ చేతికి తడి అంటదు. చెంబు నిజంగానే బుజ్జమ్మవైపు చాపింది కూడా.

చాపాక పిల్లాడి మొహం దగ్గరగా కనబడింది. కళ్లు రెండు గీతల్లా ఉన్నాయి. పెదవులు ఇంకా నల్లబడుతున్నాయి. ఆ రోజు తన పిల్లను ఎవరో గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే మొహం చూపించండి అని అడగడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం ఆమెకు బాగా తెలిసిన సంగతి.

"ఉండు," అంది. "నేనే."

పిల్లాడి తలకింద ఎడమచెయ్యి పెట్టింది. చెంబు వంచింది. "బ్‌షిమ్మిద్ బాబా," అంది. నీళ్లు నుదుటిమీద పడి చెవిపక్కనించి జారాయి. రెండోమాట గుర్తు రాలేదు. గాలి హోరులో వర్దా ఏదో అందిస్తోంది గాని వినబడలేదు. "కుమారుని నామములో," అంది తన భాషలోనే, మళ్లీ వంచుతూ. "పరిశుద్ధాత్మ నామములో," అని మూడోసారి వంచింది. చెంబులో మిగిలిన నీళ్లు బుజ్జమ్మ ఒళ్లో ఒలికిపోయాయి.

ఏమీ జరగలేదు. బుజ్జమ్మ రుద్దుతూనే ఉంది. అరికాలుమీద మళ్లీ చిటికె వేసింది. గాలి ఒక్కసారి కిటికీ రెక్కను గోడకేసి కొట్టింది. ఆ చప్పుడు తర్వాత పిల్లికూన అరిచినట్టు ఒక సన్నని చప్పుడు వచ్చింది. వీధిలోంచి వచ్చిందనుకున్నారు. రెండోసారి బుజ్జమ్మ ఒళ్లోంచే వచ్చింది.

"చల్లనీల్లు పడ్డాయి గదా, ఉలిక్కిపడినాడు," అంది బుజ్జమ్మ ఏడుస్తూ. "ముందే పోసుంటే ముందే ఏడిచీవోడు."

వర్దా పిల్లాణ్ణి గుండెలమీద వేసుకుని, తడి ఆరని చేత్తో ఎలీసమ్మ మణికట్టు పట్టుకుంది. "నువ్విప్పుడు ఆడికి ఖరీవ్తావి," అంది. ఆ మాటకు అర్థం తర్వాత చెప్పింది. బాప్తిస్మం వేళ బిడ్డను చేతుల్లోకి తీసుకున్న మనిషి. ఆ క్షణంనుంచి రెండిళ్లూ ఒక రక్తమే. ఎంత దూరం పోయినా అది తెగదు. ఆ రెండిళ్ల మధ్య పెళ్లిళ్లు కూడా జరగవు.

"విన్నావా ఒదినా," అంది బుజ్జమ్మ. "షాలిని కూతురికొక సంబంధం పోనాది."

రెండోరోజు చెట్లు నరికి దారి చేశాక, ట్రాలీ ఆటోలో తల్లినీ బిడ్డనూ విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్లారు. పిల్లాడు చాలా రోజులు గాజుపెట్టెలో ఉన్నాడు. చేప కడుపులో ఉండి వచ్చిన ప్రవక్త పేరే పెట్టింది వర్దా. యోనాన్. టవర్లు పనిచెయ్యడం మొదలయ్యాక తోమా ఫోను చేశాడు. వర్దా ఏడుస్తూ చెప్పింది, అతను ఏడుస్తూ విన్నాడు. తర్వాత ఫోను మామ్మకు ఇమ్మన్నాడు. "ఖరీవ్తా," అని పిలిచాడు. అక్కడ వానలు మొదలయ్యాయని, గుడారంలోకి నీళ్లు వస్తున్నాయని చెప్పాడు. ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు. వస్తే తల్లినీ బిడ్డనూ తీసుకెళ్లిపోతాడు. రాకపోతే అక్కడే ఉండిపోతాడు. ఏది కోరుకోవాలో ఆమెకు తెలీలేదు.

తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి ఆ నీళ్ల సంగతి గరివిడంతా తెలిసింది. బుజ్జమ్మ కొట్టుకొచ్చినవాళ్లందరికీ చెప్పింది. "మా ఎలీసొదిన నీల్లుపోసి మంత్రం సెప్పినాది, గుంటడు లేసి కూకున్నాడు." చెప్పిన ప్రతిసారీ పిల్లాడు ఇంకొంచెం ఎత్తుకు లేచాడు.

పాస్టరు శాంతికుమార్ ఒక సాయంత్రం వచ్చాడు. పిల్లాడికోసం ప్రార్థన చేశాడు. తర్వాత వెనక పెంకుటింటికి వచ్చి, కొత్త పెంకులు వేసిన చూరుకింద పీటమీద కూచున్నాడు. మంచి మనిషి. తుఫాను తర్వాత సంఘంలో ప్రతి ఇంటికీ తనే టార్పాలిన్లు మోశాడు.

"బెన్‌హర్ వాళ్లు అడుగుతున్నారమ్మా," అన్నాడు. "మన గుడి సభ్యురాలు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వడమేంటి అని."

"పోసేను బాబూ. నిజమే."

"భయంలో పోశావు. భయంలో చేసినదానికి ఎవరూ లెక్క అడగరు. నువ్వొక్క మాట చెప్పు చాలు. పిల్లాడి మొహం కడిగానని చెప్పు. సంఘం ముందు అక్కర్లేదు, నాకు చెప్పు. నేను వాళ్లకు సర్దిచెబుతాను. మొదటి ఆదివారం నువ్వు ఎప్పట్లా బల్ల తీసుకుంటావు."

ఎలీసమ్మ కొంగు కొసను వేళ్లకు చుట్టుకుంది. ముందు వాటాలోంచి వర్దా పిల్లాణ్ణి జోకొడుతున్న పాట వినబడుతోంది.

"మా పెద్దపిల్ల మాటేటి బాబూ?"

పాస్టరుకు ఆ సంగతి తెలుసు. సంఘంలో అందరికీ తెలుసు. "ఆ పాప ప్రభువు దగ్గరుందమ్మా. పసిపిల్లలకు ఏదీ అక్కర్లేదు."

"దానికక్కర్లేపోతే, ఈడికి పోసినందుకు ఇంత గొడవెందుకు?"

"నియమమమ్మా," అన్నాడు ఆయన.

"మొహం కడిగేనంటే అబద్దం బాబూ. మొహం కడగడానికి నా సెయ్యి అంతసేపు ఆగదు."

"పోనీ, అది బాప్తిస్మమని అంటావా?"

అదీ అనలేకపోయింది. అంటే ఆ పేరులేని పిల్ల ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి. పాస్టరు ప్రార్థన చేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఎలీసమ్మ వాక్యం తెరిచింది. ఏ పేజీ తెరిచినా వేలు ముందుకు సాగడం లేదు. మూసేసింది.

డిసెంబరు మొదటి ఆదివారం ఎలీసమ్మ గుడికి వెళ్లింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. వర్దా పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కన కూచుంది. క్రిస్మస్ నక్షత్రం కడుతున్న కుర్రాళ్లు నిచ్చెన ఇంకా గోడకు ఆనించే ఉంచారు. పాస్టరు ప్రసంగం ముగించి బల్లమీది తెల్లగుడ్డ తీశాడు. ఎవరిని వారు పరీక్షించుకోండి అన్నాడు. ఆమెవైపు చూడకుండా అన్నాడు.

పరీక్షించుకోవడానికి కొత్తగా ఏముంది? తుఫాను రోజునుంచి ఆమె చేస్తున్నది అదే. బల్ల తీసుకుంటే ఆ రోజు పోసినవి ఉత్త నీళ్లని ఒప్పుకున్నట్టే. లేచి బయటికి పోతే ఇన్నేళ్ల సంఘం, సత్యరాజు సమాధి, తన పిల్ల సమాధి, అన్నీ వదులుకున్నట్టు. కూచున్న చోటే కూచోవాలి. ఎటూ కదలడానికి లేదు.

పళ్లెం ముందువరస దాటి వస్తోంది. వర్దా వంగి చెవిలో అంది. "తీసుకో మామ్మా. నా గురించి మానకు. నాకు అలవాటైపోనాది."

అలవాటైపోయిందన్న మాట ఎలీసమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. ప్రభువు మాటలు అమ్మ ఒళ్లో నేర్చుకున్న పిల్ల. ఆ మాటలకోసం ఊరు ఊరంతా రోడ్డుమీద పడ్డ జనం పిల్ల. గరివిడి గుడిలో ప్రతి నెలా పళ్లెం తనను దాటిపోవడం చూస్తూ కూచుని, అలవాటైందంటోంది.

"ఆణ్ణిలా ఇయ్యి," అంది.

వర్దా అర్థంకాక పిల్లాణ్ణి అందించింది. ఎలీసమ్మ ఒక చేత్తో తల, ఒక చేత్తో నడుము పట్టుకుని ఒళ్లోకి తీసుకుంది. బెన్‌హర్ వచ్చి ముందు నిలబడ్డాడు. వర్దాను దాటించిన పళ్లెం ఆమె ముందు ఆపాడు. రొట్టెముక్కలు, చిన్న గ్లాసులు. ఆమె తియ్యకపోతే ముందుకు పోవడానికి అతనికి కాళ్లు రావడం లేదు.

"తీసుకో అత్తా," అన్నాడు గొంతు తగ్గించి. "పాస్టరుగారు సరేనన్నారు. అందరూ సూత్తన్నారు."

"నా సేతులు కాలీ లేవు బాబూ," అంది ఎలీసమ్మ. "ముందుకెల్లు."

అతను పిల్లాడి తలకు తగలకుండా పళ్లెం ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత పక్కకి జరిగాడు. గ్లాసులు ఒకదానికొకటి తగిలే చప్పుడు వెనకవరసలదాకా వెళ్లింది. ఎవరో దగ్గారు. పాస్టరు పాట ఎత్తుకున్నాడు, మామూలుకంటే గట్టిగా. వర్దా తలవంచుకుని తన భాషలో ఏదో మెల్లగా అనుకుంటోంది. ఎలీసమ్మకు మొదటి రెండు మాటలు తెలిశాయి, అవూన్ ద్‌వష్మయ్యా.

యోనాన్ ఆమె చూపుడువేలు పట్టుకుని నిద్రపోయాడు. పట్టు చిన్నదే. కావాలంటే విడిపించుకోవచ్చు. ఆమె విడిపించుకోలేదు.